ప్రపంచ ప్రభుత్వం వచ్చేలోగా మన బడి

ప్రపంచమంతటికీ ఒకే ప్రభుత్వం ఉంటే బాగుంటుందన్న మాట చాలా పాతది. 1920లో మొదలైన నానాజాతి సమితి ఆ దారిలో పడిన పెద్ద అడుగు. అది యుద్ధాన్ని ఆపలేకపోయిందని పిల్లలకు పాఠాల్లో చెబుతూనే ఉన్నాం. కొన్ని దేశాల్లో అల్పసంఖ్యాకుల బడుల బాధ్యతను కూడా అది నెత్తికెత్తుకుందని మాత్రం చెప్పం. బళ్లారి తెలుగు బడులకు పనికొచ్చే కథ అదే.

తన దేశంలోని అల్పసంఖ్యాకులు సొంత ఖర్చుతో బడులు నడుపుకోవచ్చని అల్బేనియా 1921లో సమితికి మాటిచ్చింది. 1933లో ప్రైవేటు బడులన్నీ మూసేసింది. గ్రీకు భాషవారు మొరపెట్టుకుంటే, అందరివీ మూశాం కదా, పక్షపాతం ఎక్కడని వాదించింది. వ్యవహారం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి చేరింది. 1935 ఏప్రిల్ 6న ఆ వాదన చెల్లదని న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. పెద్ద భాషవారికి సర్కారు బడి ఎలాగూ ఉంటుంది. చిన్న భాషవారికి ఉన్న ఒక్క బడీ పోతే ఏం మిగులుతుంది? కాగితం మీది సమానత్వం చాలదు, ఆచరణలోనూ ఉండాలి. తెలుగు బడినీ కన్నడ బడినీ ఒకే కొలబద్దతో కొలిచే అధికారులకు దీన్ని ఒకసారి చదివి వినిపించాలనిపిస్తుంది.

అయితే సమితికి చెప్పే నోరే తప్ప చేయించే చేయి లేదు. నాలుగేళ్లకు అల్బేనియానే ఇటలీ ఆక్రమించింది. తర్వాత వచ్చిన ఐక్యరాజ్యసమితి, దేశాల సొంత వ్యవహారాల్లో జోక్యం చేసుకోనని చార్టరులోనే రాసుకుంది.

మనకు పైనున్నది ఢిల్లీ. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకూ, మిగతా బళ్లారి జిల్లా మైసూరుకూ వెళ్లాయి. ఇళ్లలోని భాష మాత్రం ఆ గీత ప్రకారం విడిపోలేదు. 1956లో వచ్చిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ప్రయత్నించమంటుంది. 350బి కింద ఉన్న భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ రాష్ట్రపతికి నివేదిక ఇస్తారు, ఉత్తర్వు ఇవ్వలేరు. అక్కడా నోరే.

కాబట్టి చేయి మనదే కావాలి. బడిలో 40 మంది గానీ, తరగతిలో 10 మంది గానీ ఉంటే ఆ భాష టీచరును ఇవ్వాలని 1949లోనే విద్యామంత్రులు ఒప్పుకున్నారు. ఇంగ్లీషు మీడియం కోరుకునే తల్లిదండ్రులను తప్పుపట్టను. మాధ్యమం ఎంపిక వారిదేనని 2014లో కర్ణాటక కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగు కావాలనుకునేవారు మాత్రం నోటిమాటతో ఊరుకోవద్దు. జూన్‌కు ముందే పదిమంది కలిసి బీఈఓకు దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని, ఒక ప్రతిని కమిషనర్‌కు పంపండి. చేర్పించేటప్పుడు ఫారంలో మాతృభాష అన్నచోట తెలుగు అనే రాశారో లేదో చూసుకోండి.