పదిమందితో పరుగు



పలమనేరు దగ్గరి ఒక పల్లె నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరము ఈ నెల మా ముందున్నది. పెద్దకుమారుడు బెంగళూరులో ఉద్యోగము చేస్తున్నాడట. అక్కడ ఏటా వేలాదిమంది కలిసి పరుగెత్తే పది కిలోమీటర్ల పందెమునకు తన పేరుతోపాటు తండ్రి పేరు కూడా ఇచ్చి, రుసుము కూడా కట్టేశాడట. తండ్రికి యాభై మూడేళ్లు. టమోటా తోట, నాలుగు పాడి ఆవులు, ఇదీ ఆయన ప్రపంచము. రెండేళ్ల క్రితము ఒక డాక్టరు బి.పి. ఉన్నదని చెబితే నెలరోజులు మాత్రలు మింగి మానేశాడట. "దినామూ ఆవుల వెనకాల తిరిగే తిరుగుడు ముందర పది కిలోమీటర్లు ఒక లెక్కా?" అంటున్నాడట. "అయ్యగారూ, పొమ్మని చెప్పేదా, వద్దని చెప్పేదా? పైగా అది ఆదివారము. ఆరాధన సంగతి ఏమి?" అని ఆ తల్లి అడుగుతున్నది.

ఇది పట్నమువారి ముచ్చట, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చును. కాని మన ఊళ్లకు కూడా పదిమందితో పరుగు వచ్చి చాలా కాలమైనది. తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో ఏదో ఒక దినము పేరున "టూకే రన్" అని పిల్లలను వీధిలోకి తెస్తారు. ఎయిడ్స్ దినమైతే ఒకటి, ఓటర్ల దినమైతే మరొకటి. 2014 నుండి అక్టోబరు 31న ఐక్యతా పరుగు అని దేశమంతటా జరుగుతున్నది. రెండు కిలోమీటర్లు ఆరోగ్యముగల పిల్లలకు పెద్ద కష్టము కాదు. కష్టమంతా ఆ పరుగునకు ముందు ఉంటుంది.

కొన్నేళ్ల క్రితము మేము ఒక పట్టణములో అటువంటి పరుగునకు మన పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లాము. ఉదయము ఆరున్నరకు రమ్మన్నారు. పిల్లలు చీకటితోనే లేచి, చాలామంది గుక్కెడు కాఫీ కూడా లేకుండా వచ్చారు. జెండా ఊపవలసిన పెద్దమనిషి వచ్చేసరికి ఎనిమిది దాటింది. ఎండ ఎక్కుతున్నది. వరుస చెదిరితే మాస్టర్లు అరుస్తున్నారు. చివరకు జెండా ఊపారు, ఫోటోలు తీశారు, పిల్లలు పరుగెత్తారు. మొదటి సెంటరు దాటేలోపే ఇద్దరు ఆడపిల్లలు సొమ్మసిల్లి పడిపోయారు. ఒక దుకాణము అరుగు మీద పడుకోబెట్టి, ఎదురుగా ఉన్న హోటలులో పంచదార నీళ్లు అడిగి తాగించాము. నీళ్లు పెట్టాలని గాని, డాక్టరును పిలవాలని గాని ఎవరికీ తోచలేదు. మాకు మాత్రము తోచిందా? ఆ పిల్లలను ఇంటి నుండి బయలుదేరదీసినప్పుడే రెండు ఇడ్లీలు తినిపించి ఉండవలసినది. ఆ తప్పు మాది కూడా. అప్పటినుండి పిల్లలను పంపమని ఎవరు అడిగినా మూడు ప్రశ్నలు వేస్తాము. ఎన్ని గంటలకు మొదలు? నీళ్లు ఎక్కడ? పడిపోతే చూచేవారు ఎవరు? జవాబు చెప్పలేనివారికి పిల్లలను ఇవ్వము.

ఇక పెద్ద పరుగుల మాట. ముంబయిలో 2004లో, బెంగళూరులో 2008లో, హైదరాబాదులో 2011లో ఇవి మొదలై ఏటా జరుగుతున్నవి. ఇక్కడ బహుమతి కొరకు పరుగెత్తేవారు పిడికెడుమంది. తక్కినవారు ఆఫీసులలో పనిచేసేవారు, గృహిణులు, పింఛను పుచ్చుకునే పెద్దలు. ఎద మీద పెట్టుకునే నంబరు కాగితములో చిన్న చిప్పు ఉంటుంది. మనము బయలుదేరు గీత దాటినది మొదలు చివరి గీత దాటేవరకు పట్టిన సమయమును అది పట్టుకుంటుంది. కాబట్టి వెనుక నిలబడినవానికి ఏ నష్టమూ లేదు. ఈ ఒక్క సంగతి తెలియకనే చాలామంది ముందు వరుసకు తోసుకుపోతారు.

గుంపులో మంచి లేదని మేము అనము. ఒంటరిగా కిలోమీటరు కూడా పోలేనివాడు పదిమందితో కలిసి ఐదు పోతాడు. ముక్కూ మొహమూ తెలియనివారు రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొడతారు. మన స్త్రీలకు వీధిలో పరుగెత్తే స్వేచ్ఛ ఏడాదికి ఆ ఒక్క ఉదయమైనా దొరుకుతుంది. పల్లెలో ఒక ఇల్లాలు బూట్లు వేసుకొని పరుగెత్తితే ఏమంటారో మనకందరికీ తెలుసు. ముంబయి పరుగు ద్వారా అనాథలకు, రోగులకు సేవచేసే సంస్థలకు ఏటా కోట్లలో విరాళాలు పోగవుతున్నవి. పంజాబులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఫౌజాసింగ్ అనే రైతుబిడ్డ భార్యను, కుమారుని పోగొట్టుకున్న దుఃఖములో పరుగు మొదలుపెట్టి, 2000లో ఎనభై తొమ్మిదవ ఏట లండనులో మొదటి మారథాను పరుగెత్తాడు. 2011లో నూరవ ఏట కెనడాలోని టొరంటోలో నలభై రెండు కిలోమీటర్లు పూర్తిచేశాడు. జనన ధృవపత్రము లేదని గిన్నిసువారు ఆ రికార్డును ఒప్పుకోలేదు! మన పెద్దలలో ఎంతమందికి ఉన్నది? 2025 జూలైలో తన సొంత ఊరి దగ్గర రోడ్డు మీద వాహనము ఢీకొని ఆయన మరణించాడు. పరుగు ఆయనను చంపలేదు.

అయితే మనిషిని తన శక్తికి మించి లాగుకొనిపోవడము కూడా గుంపు చేసే పనే. మంచి ఎక్కడ ఉన్నదో అపాయము కూడా అక్కడే ఉన్నది. పొలములో అలసినవాడు గట్టు మీద కూర్చుంటాడు. గుంపులో అలసినవాడు పక్కవానిని చూచి సిగ్గుపడి కూర్చోడు. చివరి గీత కనబడగానే ఉన్న బలమంతా తీసి పరుగెత్తుతాడు. అమెరికాలో 2000 నుండి 2010 వరకు మారథాను, అర మారథాను పరుగులలో పాల్గొన్న 1 కోటి 9 లక్షల మందిని లెక్కలోకి తీసుకొని వైద్యులు పరిశీలించారు. 59 మందికి గుండె ఆగినది. వారిలో 42 మంది చనిపోయారు. ఎక్కువమంది మగవారు. పరుగు చివరి నాలుగవ వంతులోనే ఎక్కువమంది పడిపోయారు. అంతమందిలో 59 అంటే చాలా తక్కువే. భయపడవలసినంత లేదు, నిర్లక్ష్యము చేయవలసినంత కూడా లేదు.

అదే వైద్యులు 2010 నుండి 2023 వరకు మరల లెక్క తీశారు. ఈసారి సుమారు 2 కోట్ల 93 లక్షల మంది, గుండె ఆగినవారు 176, చనిపోయినవారు 59. మునుపు పడిపోయిన ముగ్గురిలో ఇద్దరికి మించి పోతే, ఇప్పుడు ముగ్గురిలో ఒకరు పోతున్నారు. పక్కనున్నవారు వెంటనే ఎదురొమ్ము నొక్కడము, గుండెకు విద్యుత్తు ఇచ్చే చిన్న పెట్టెలు దారిపొడవునా సిద్ధముగా ఉండడము ఇందుకు ముఖ్యకారణములని చెబుతున్నారు. రొమ్ము మధ్యన రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషమునకు నూరు నుండి నూట ఇరవైసార్లు, రెండు అంగుళముల లోతున నొక్కాలి. 108 వచ్చేవరకు ఆపకూడదు. దీనిని నేర్పమని దగ్గరి ఆసుపత్రి నర్సులను ఒక శనివారము మన యౌవనస్థుల కూటమికి ఎందుకు పిలువకూడదు? పరుగెత్తనివారికి కూడా పనికివచ్చే విద్య ఇది.

జనము అంటేనే ఇప్పుడు మన ప్రాంతమువారికి గుండె దడ. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనము టోకెన్ల కొరకు చేరిన జనములో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు విడిచారు. అదే సంవత్సరము జూన్ 4న బెంగళూరు క్రికెట్ స్టేడియము బయట పదకొండుమంది పోయారు. ఆ ఇళ్లలోని దుఃఖము మనది కూడా. పరుగు పందెములో గుంపు అంతసేపు ఒకచోట నిలిచి ఉండదు, కదిలేకొద్దీ పలుచబడుతుంది. ఇరుకంతా బయలుదేరేచోట, ముగించేచోట. అందుకే మంచి నిర్వాహకులు అందరినీ ఒకేసారి వదలరు, జట్లు జట్లుగా వదులుతారు. అలా వదలని చోటికి పోవద్దనే మేము చెబుతాము. వెనుకనున్నవాడు తోస్తే ముందున్నవాడు పడతాడు, వాని మీద మరొకడు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు మనకు దగ్గరే కదా అని నవ్వుకోవచ్చును గాని, యాభై దాటినవానికి మోకాలు చెడితే ఆ యేడు సేద్యము ఎవరు చూస్తారు?

నీళ్ల విషయములో కూడా ఒక మాట. నీళ్లు తాగకపోతే ప్రమాదమని అందరికీ తెలుసు. అతిగా తాగినా ప్రమాదమే అని తెలిసినవారు తక్కువ. 2002 బోస్టను మారథానులో 488 మంది రక్తము పరీక్షిస్తే, నూటికి పదమూడుమందికి ఉప్పుశాతము పడిపోయి ఉన్నది. అతిగా తాగినవారిలోనే అది ఎక్కువ. ఆ పరుగులోనే ఒక యువతి ఆ కారణముతో మరణించింది. దాహమైనప్పుడు తాగాలి, ప్రతి బల్ల దగ్గరా తాగనవసరము లేదు. ఒళ్లు నొప్పులు రాకుండా ముందే మాత్ర మింగి పరుగెత్తడము మరొక చెడ్డ అలవాటు. మూత్రపిండములకు దెబ్బ.

ఇక ఆదివారము. హైదరాబాదులో ఐదు కిలోమీటర్ల చిన్న పరుగు శనివారము పెడుతూ వచ్చారు గాని, పెద్ద పరుగులన్నీ దాదాపు ఆదివారము ఉదయమే. రోడ్లు ఖాళీగా ఉండేది అప్పుడే. ఎరిక్ లిడెల్ అనే స్కాట్లండు యువకుని సంగతి మనలో చాలామంది విన్నదే. 1924 పారిసు ఒలింపిక్సులో నూరు మీటర్ల తొలి పోటీలు ఆదివారము పడినవని ఆయన అందులో పరుగెత్తలేదు. నాలుగువందల మీటర్లలో పరుగెత్తి, 47.6 సెకండ్లలో బంగారు పతకము పొందాడు. తరువాత చైనాలో మిషనరీగా పనిచేస్తూ 1945లో నిర్బంధ శిబిరములో కన్నుమూశాడు. ఆయన మాదిరి మా ముందు ఎప్పుడూ ఉన్నది. అయినా ఏడాదికి ఒకసారి కుమారునితో పోయే తండ్రిని మేము వేలెత్తి చూపము. బెంగళూరులో సాయంకాల ఆరాధన ఉన్న తెలుగు సంఘములు ఉన్నవి. ఆ రోజు తండ్రీ కొడుకులు కలిసి అక్కడికి వెళ్లవచ్చును. ఇది మా అభిప్రాయము, వేరుగా తలంచే కాపరులు ఉన్నారని తెలుసు.

ఆ సహోదరికి మేము వ్రాసిన జవాబు ఇది. అమ్మా, పొమ్మనకండి, వద్దనకండి. ముందు బి.పి. చూపించండి, గుండె పరీక్ష చేయించండి. మాత్రలు మరల మొదలుపెట్టించండి. ఆవుల వెనుక నడిచిన బలము నిజమైన బలమే, దానిని తక్కువ చేయము. కాని పరుగు వేరు. పరుగులో ప్రతి అడుగునా ఒంటి బరువుకు రెండు మూడింతల బరువు కాలి మీద పడుతుంది. అలవాటు చేయడానికి రెండు మూడు నెలలు కావాలి. ముందు అరగంట వడిగా నడవాలి. తరువాత ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడక. పక్కవారితో మాట్లాడగలిగినంత వేగము చాలును. జ్వరము వచ్చిన వారములో పరుగు వద్దు. ఛాతీలో బిగువు, దవడ లాగడము, కళ్లు తిరగడము ఏది కనబడినా ఆగిపోవాలి, కుమారుడు పక్కనున్నా సరే, గీత పది అడుగుల దూరములో ఉన్నా సరే. కట్టిన రుసుము పోతే పోనివ్వండి. పరుగు కంటె ఆయనకు కావలసినది కుమారునితో గడిపే ఒక పూట అని మాకు అనిపిస్తున్నది. పట్నము పోయినవాడు పిలిచాడు, ఆ పిలుపును కాదనలేకపోతున్నాడు. ఈ మాట కుమారునికి కూడా చెప్పండి.

పత్రిక అచ్చుకు పోయేలోపు రెండవ ఉత్తరము వచ్చింది. బి.పి. నూట అరవై బై నూరు ఉన్నదట. డాక్టరు కోప్పడి మాత్రలు వ్రాశాడట. ఈ ఏడు పందెము మానుకున్నారు. కుమారుడు నొచ్చుకున్నా, రెండు వారములకొకసారి శనివారము రాత్రి బస్సుకు వస్తున్నాడట. ఆదివారము తెల్లవారి పాలు పిండడము కాగానే తండ్రీ కొడుకులు చెరువుకట్ట మీద నడక, మధ్యలో కొంచెము పరుగు. తొమ్మిదింటికి ముగ్గురూ గుడిలో ఉంటున్నారట. "నేనూ కట్ట మీదికి పోతున్నాను అయ్యగారూ, చెప్పులు లేకుండానే" అని ఆమె చివర వ్రాసింది. బూట్లు తెమ్మని కుమారునికి చెప్పమని జవాబు వ్రాశాము.