నోరు పూయక మానదట!



"రేడియేషన్ అన్నాక నోరు పూయక మానదు, ఓర్చుకోవాలి." నోటి క్యాన్సరు, గొంతు క్యాన్సరు రోగులకు తరచుగా వినిపించే వాక్యమిది. ఇందులో సగమే సత్యం. తక్కినది అలసత్వానికి తొడిగిన వేదాంతం.

సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి ఐదు రోజులు, ఆరేడు వారాలు ఈ చికిత్స సాగుతుంది. నోటి లోపలి పొరలోని కణాలు నిత్యం రాలుతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. కిరణాలు ఆ పుట్టుకను అడ్డుకోగా, రెండు మూడు వారాలకు పొర ఎర్రబడి పుండ్లు పడుతుంది. మెతుకు మింగలేని రోగి చికిత్స మధ్యలో మానుకుంటే, ఆ విరామంలో క్యాన్సరు కణాలు మళ్ళీ పుంజుకుంటాయి. నోటిపూతను చిన్న బాధగా కొట్టిపారేయడం ఎంత ప్రమాదమో ఇక వేరే చెప్పాలా?

పూతను పూర్తిగా ఆపలేకపోవచ్చు; తీవ్రతను తగ్గించవచ్చు. చికిత్సకు ముందే దంతవైద్యునికి చూపించి, పుచ్చిన పళ్ళు తీయించి, గాయం మానడానికి రెండు మూడు వారాలు గడువివ్వాలి. తరువాత తీయిస్తే దవడ ఎముక చచ్చుబడే ప్రమాదముంది. మెత్తని బ్రష్షు వాడాలి. లీటరు నీటిలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి రోజుకు పలుమార్లు పుక్కిలించాలి. చుట్ట, ఖైనీ, ఊరగాయ, ఆల్కహాలు కలిసిన మౌత్‌వాష్‌ దరిచేరరాదు. 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు తల, మెడ క్యాన్సరు రోగులకు తక్కువ శక్తి లేజరు కాంతిని, బెంజిడమైన్ పుక్కిలింతను సిఫారసు చేశాయి. పూత నివారణకు క్లోర్‌హెక్సిడిన్ వద్దన్నాయి.

మరి జరుగుతున్నదేమి? మా బంధువొకరికి ఒక ఆసుపత్రిలో జాగ్రత్తల కాగితం ఇచ్చారు. ఇచ్చినది మూడవ వారంలో, పుండ్లు పడ్డాక. ఉన్నది ఆంగ్లంలో. చేతులు కాలాక ఇచ్చిన ఆకులు, అవీ చదవరాని ఆకులు! ఎవరూ విడమరచి చెప్పనందుననే కదా, పల్లెజనం "కరెంటు పెట్టడం" అన్న మాటకే బెదిరిపోతున్నారు!

వైద్యులకు తీరిక లేదంటారు. నిజమే. లేజరు యంత్రం అన్నిచోట్లా లేదు, అదీ నిజమే. కాని ఉప్పూ సోడా లేని వంటిల్లేది? ఒక తెలుగు కరపత్రం, మొదటి రోజుకు ముందు ఒక నర్సు పది నిమిషాల మాట: ఇంతకు మించి అడగడం లేదు. ఓర్పు రోగి వంతు సరే, ముందుగా చెప్పడం ఎవరి వంతు? మీ వారెవరికైనా ఈ చికిత్స నిశ్చయమైతే, తేదీ అడిగే ముందు నోటి సంరక్షణ సంగతి అడగండి. చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి.