ఇనుపదారియు, పనివాని చేయియు

పొగబండిని జూచి మురియని బాలుడుండడు. దానిని గనిపెట్టిన మహనీయుల చరిత్రలను మనము ప్రీతితో జదువుదుము, పరీక్షలలో వ్రాయుదుము. కాని యంత్రము పుట్టుట యొకటి, దానివలన నందఱకును మేలు గలుగుట వేఱొకటి. ఈ రెంటికిని నడుమ నెన్ని యేండ్లు గడచునో, ఆ యేండ్ల వెల నెవరు చెల్లింతురో విచారింపనిదే యభివృద్ధి యను మాటకు నిజమైన యర్థము బోధపడదు. ఇందులకు పందొమ్మిదవ శతాబ్దమునందలి అమెరికా సంయుక్త రాష్ట్రముల రైలుమార్గముల చరిత్ర తగిన నిదర్శనమని నా యభిప్రాయము.

ముందుగా మేలునే చెప్పుకొందము. 1828వ సంవత్సరము జూలై 4వ తేదీన బాల్టిమోరు నగరమున రైలుమార్గమునకు శంకుస్థాపన జరిగెను. 1830 నాటికి ఆ దేశమున నినుపదారి కొలది పదుల మైళ్లే. 1860 నాటికి రమారమి 30,000 మైళ్లయ్యెను. 1900 నాటికి 1,90,000 మైళ్లకు మించెను. న్యూయార్కునుండి చికాగోకు 1830 ప్రాంతమున మూడు వారములు పట్టిన ప్రయాణము 1857 నాటికి రెండు దినములకు దిగెను. 1862లో అధ్యక్షుడు లింకను శాసనముపై సంతకము చేయగా, తూర్పునుండి యొక కంపెనీయు పడమటినుండి యొక కంపెనీయు దారి వేయుచు వచ్చి 1869 మే 10వ తేదీన యూటాలోని ప్రామంటరీ శిఖరమున గలిసికొనెను. ఎడ్లబండ్లపై నాఱు నెలలు పట్టు దూరము వారము దినముల పయనమాయెను.

దానితో దేశపు రూపమే మాఱెను. 1840లో అయిదువేల జనమైన లేని చికాగో, మైదానముల గోధుమలును పశువులును దన గుమ్మముకడకు రైళ్లపై వచ్చుటచే, 1890 నాటికి పదిలక్షలు దాటిన మహానగర మయ్యెను. 1875లో కార్నెగీ ప్రారంభించిన యుక్కు కర్మాగారము మొదట జేసినవి రైలుపట్టాలే. అంతకుముందు ప్రతి యూరికిని దన సూర్యునిబట్టి తన మధ్యాహ్న ముండెడిది. 1883 నవంబరు 18వ తేదీన రైలు కంపెనీలు కూడబలుకుకొని దేశకాలమును మండలములుగా విభజించెను. కాంగ్రెసు దానిని శాసనముగా నంగీకరించుటకు 1918 వఱకు బట్టెను. ప్రభుత్వముకంటె ముందుగా గడియారములను దిద్దగలిగిన యా కంపెనీల బల మెంతటిదో దీనినిబట్టి యూహించుకొనవచ్చును.

ఈ యభ్యుదయమునకు వెల లేకపోలేదు. పడమటినుండి దారి వేసిన కూలీలలో మిక్కిలి యధికభాగము చీనావారు. సియెఱా నెవాడా కొండలను దొలిచినవారు వారే. తెల్లవారితో సమానముగా దమ్ము జూడుడని 1867 జూన్ మాసమున వారు సమ్మె చేయగా, కంపెనీవారు భోజనపదార్థములను నిలిపివేసి సమ్మెను భగ్నము చేసిరి. 1882లో ఆ జాతి కూలీలు దేశమున నడుగిడరాదని శాసనమే పుట్టెను. అది 1943 వఱకు రద్దు కాలేదు. మైదానములలోని యాదిమజాతులకు గూడును, గుడ్డయు, గుడారమునైన యడవిదున్నలు కోట్లకొలది యుండినవి. రైళ్లు వేటకాండ్రను దెచ్చి చర్మములను గొనిపోవగా శతాబ్దాంతమునకు గొన్ని వందలు మాత్రమే మిగిలెను.

ఇవి చరిత్రకారులు కొంతవఱకైనను వ్రాసినవే. నేను ముఖ్యముగా జెప్పదలచినది చూపునకు జిన్నదైన యొక సంగతి: రెండు పెట్టెలను గలుపు నొక యినుప కడియమును, ఒక మేకును.

ఆ కాలమున గూడ్సుబండిలో బ్రేకుమా ననబడు పనివాడు రెండు పెట్టెల నడుమ నిలిచి, ఒక పెట్టె తనవైపునకు దొర్లుచు వచ్చుచుండగా, ఇనుప కడియమును జేతితో నెత్తిపట్టి యెదుటి పెట్టె మూతిలో దూర్చి పైనుండి మేకు దిగవేయవలెను. రెప్పపాటు తప్పినచో వ్రేళ్లు నలిగిపోవును. కాలు జాఱినచో బ్రాణమే పోవును. బండి నాపుటయు నంతే యపాయకరము. ఈల వినబడగానే యతడు పెట్టెల పైకప్పుమీద నడచుచు ఒక్కొక్క చేతిచక్రమును ద్రిప్పి బ్రేకు బిగింపవలెను. వాన కురిసినను, మంచు పేరియున్నను, నడిరేయి యైనను విడుపు లేదు.

గాయపడినవానికి న్యాయస్థానమునను దిక్కు లేకుండెను. తోడి పనివాని పొరపాటుచే గుడిచేయి పోగొట్టుకొనిన ఫార్వెలను డ్రైవరునకు గంపెనీవారు పరిహార మీయ నక్కఱలేదనియు, అపాయమునకు దగినట్లే జీతము నిర్ణయింపబడిన దనియు 1842లో మాసచూసెట్సు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము దీర్పు చెప్పెను. తక్కిన రాష్ట్రములలో బెక్కింటి న్యాయాధిపతులును ఆ మార్గమునే త్రొక్కిరి.

మందు లేని రోగమా యిది? కాదు. 1869లోనే వెస్టింగుహౌసు గాలిబ్రేకునకు హక్కుపత్రము పొందెను. 1873లో జానీ యనునతడు, రెండు చేతుల వ్రేళ్లు వంచి యొకదానిలో నొకటి తగిలించినట్లు, పెట్టెలు తాకగానే తమంతట దామే కలిసికొను సాధనమును గల్పించెను. కాని 1889లో అధ్యక్షుడు హారిసను కాంగ్రెసునకు బంపిన సందేశమునందు, 1888 జూన్‌తో ముగిసిన యొక్క సంవత్సరమున 2,000 మందికి మించి రైలు పనివారు మరణించిరనియు, 20,000 మందికి మించి గాయపడిరనియు జెప్పవలసి వచ్చెను. మందు అంగడిలో నున్నది; రోగి వీథిలో జచ్చుచున్నాడు.

కంపెనీల పక్షమున నొక సమాధానము గలదు. ఒక కంపెనీ పెట్టె పలు కంపెనీల దారులపై దిరుగును, అందఱును మార్చుకొననిదే యొకడు మార్చుకొని ప్రయోజనము లేదు, వ్యయమో యపారము, కాలక్రమమున నదియే చక్కబడును అని. ఇందు గొంత నిజము లేకపోలేదు. అయినను, ప్రయాణికుల బండ్లకు గాలిబ్రేకులను గూడ్సుబండ్లకంటె నెంతో ముందుగానే యేల యమర్చిరి? ప్రయాణికుడు భయపడినచో వేఱు కంపెనీ బండి నెక్కును. బ్రేకుమానునకు వేఱు గతి లేదు. కావున వ్యయముకంటె, ఎవని ప్రాణమునకు వెల కట్టుచున్నా మనునదియే యిందు బ్రధానమని తేలుచున్నది. కయీను తన సోదరునిగూర్చి దేవునికిచ్చిన ప్రత్యుత్తర మిట్టిదే కదా!

ఐయోవా రాష్ట్రమున లోరెంజో కాఫిను అను నొక రైతు, 1874లో నొక బ్రేకుమాను వ్రేళ్లు తెగుట చూచి, నాటినుండి యీ విషయమునకే తన కాలమును వెచ్చించెను. ఆయన యంత్రజ్ఞుడు కాడు, ధనికాగ్రగణ్యుడు కాడు. సభలలో బ్రసంగించెను, పత్రికలకు వ్రాసెను, శాసనసభ్యుల వాకిళ్లు ద్రొక్కెను. తుదకు 1893 మార్చి 2వ తేదీన గాలిబ్రేకులును, తమంతట గలియు సాధనములును దప్పక యుండవలెనని శాసన మయ్యెను. కంపెనీలు గడువుమీద గడువు పొందుటచే 1900 నాటికి గాని యది పూర్తిగా నమలు జరుగలేదు. అంతట బెట్టెలను గలుపుటలో జరుగు ప్రమాదములు మిక్కిలి తగ్గెను. కంపెనీలును దివాలా తీయలేదు. ఇనుపదారి 1916 నాటికి 2,54,000 మైళ్లకు బెరిగెను.

సోదర విద్యార్థులారా! జానీ కల్పనకు మనమును ఋణపడియున్నాము. నేడు మన దేశపు గూడ్సుపెట్టెలను గలుపుచున్న యినుప పిడికిలి యా జాతిదే. కాని 1873నుండి 1893వఱకు గడచిన యిరువది యేండ్లును యంత్రజ్ఞుని లోపముచే గడచినవి కావు. పొరుగువాని బాధను దనదిగా నెంచువారు చాలినంతమంది లేమిచే గడచినవి. మనలో గొందఱు యంత్రజ్ఞులు గావచ్చును, కొందఱు వర్తకులు, కొందఱు న్యాయవాదులు. మన కాలమునను గ్రొత్త యంత్రములు దినదినము వచ్చుచున్నవి. ఏ యంత్రమును జూచినను, దాని వేగ మెంత, లాభ మెంత యని యడుగుటకు ముందు, రెండు పెట్టెల నడుమ నెవని చేయి యున్నదని యడుగుట నేర్చుకొందము గాక!