షౌక్ ఒకరిది, ఖర్చు ఇంటిల్లిపాదిది

యాభై దాటిన మగాడు "ఇక నౌకరీ చాలు, నాకు షౌక్ ఉన్న పని చేసుకుంటా" అంటే మన ఇళ్లల్లో రెండే జవాబులు వినిపిస్తాయి. ఒకటి, "ఈ ఉమర్‌లో ఇదేం పాగల్‌పన్?" రెండోది, "మాషా అల్లాహ్, ఏం హిమ్మత్!" నాకు రెండూ నచ్చవు. రెండు జవాబులూ ఆ మనిషినే చూస్తాయి. అతని వంటింట్లో బియ్యం డబ్బాను చూడవు.

నాకు 52 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. చిరిగిన పాత కితాబులు బాగుచేసి జిల్దు కట్టడం నా షౌక్. దాన్నే రోజీ చేసుకోవాలని నాకూ ఉంది. కాబట్టి ఇది ఊరికే చెప్పే నసీహత్ కాదు, నా ఇంట్లో నడుస్తున్న బహస్.

హిమ్మత్ గురించి మాట్లాడేవాళ్లు పక్షుల సాలిం అలీ మిసాల్ ఇస్తారు. ఆయన 1896లో పుట్టారు. బర్మాలో ఖాందాన్‌వాళ్ల గనులు, కలప తిజారత్ చూసుకున్నారు. అది నిలబడలేదు. బొంబాయి మ్యూజియంలో నౌకరీ దొరికింది. ముప్పై దాటాక సెలవు పెట్టి, పక్షిశాస్త్రం నేర్చుకోవడానికి బెర్లిన్ వెళ్లారు. 1930లో తిరిగొచ్చేసరికి నిధుల్లేక ఆ ఉద్యోగాన్నే తీసేశారు. తర్వాత ఆయన సంస్థానాలను అడిగింది ఒక్కటే: ప్రయాణం ఖర్చులు మీరు పెట్టుకోండి, జీతం వద్దు, మీ ఇలాఖాలో పక్షుల సర్వే చేసిపెడతాను. మన హైదరాబాద్ రియాసత్ సర్వే కూడా అలా జరిగిందే. పేరు తెచ్చిన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' 1941లో వచ్చింది. అప్పటికి ఆయనకు 45 నిండవస్తున్నాయి.

ఇంతవరకు అందరూ చెబుతారు. జీతం వద్దన్న మనిషి ఇల్లు ఎలా నడిచిందని మాత్రం ఎవరూ అడగరు. ఆ ఇంట్లో తహ్మీనా బేగం ఉన్నారు. ఉద్యోగం పోయాక బొంబాయి వదిలి కిహీమ్ అనే సముద్రపు ఒడ్డు ఊరికి ఆయనతో వెళ్లింది ఆమె. సర్వేలకు అడవుల్లో క్యాంపులు వేస్తే వెంట తిరిగింది ఆమె. 1939లో ఆమె ఇంతికాల్ అయ్యారు. ఆ కితాబును చూడలేదు. హిమ్మత్ అనే మాటలో సగం హక్ ఆమెది.

కాబట్టి నా రాయ్ ఇది. పెద్ద ఉమర్‌లో పని మార్చుకోవడం తప్పు కాదు. ఇంటివాళ్ల రజామందీ లేకుండా మార్చుకోవడం తప్పు. ముందు దస్తర్‌ఖాన్ ఎత్తాక అందరూ కూర్చుని కాగితం మీద హిసాబ్ వేయాలి. ఏడాది పాటు పైసా రాకపోతే అమ్మీ మందులు ఎలా? పిల్లల ఫీజులు ఎలా? ఖర్జ్ ఎంతుంది? కూతురి షాదీకని దాచిన డబ్బు జోలికి వెళ్లం కదా? ఆ కాగితానికి జవాబు లేకపోతే నౌకరీ వదలకూడదు. సాయంత్రాలూ సెలవులూ షౌక్‌కి ఇవ్వండి, గిరాకీ వస్తుందో రాదో చూడండి.

మా ఇంట్లో ఆ హిసాబ్ వేసిన రాత్రి మా బేగం ఒక సవాల్ వేసింది: "అంతా బాగుంది. మరి మేరీ బారీ కబ్?" ఆమెకు పెళ్లికి ముందు మగ్గం పని వచ్చు. జరీ, పూసలతో ఆమె కుట్టిన దుపట్టా ఇప్పటికీ పెట్టెలో ఉంది. షాదీ, పిల్లలు, మా అబ్బాకు జబ్బు, ఇలా ఇరవై అయిదేళ్లు గడిచాయి. మగాడు యాభైలో కొత్త పని మొదలుపెడితే దాన్ని షౌక్ అంటాం. ఆడమనిషి మొదలుపెడితే "ఇంట్లో ఏం తక్కువైంది? లోగ్ క్యా కహేంగే?" అంటాం. ఇది ఇన్సాఫ్ కాదు. ఇంటి జిమ్మేదారీ ఇద్దరం మోసినప్పుడు, తీరిక దొరికితే దాంట్లో హిస్సా కూడా ఇద్దరిదీ.

మా ఫైస్లా ఇలా కుదిరింది. ముందు గదిలో ముందు మగ్గం పెడతాం. చిన్నోడి చదువు అయ్యేదాకా, ఇంకో రెండేళ్లు, నేను లెక్కలు రాస్తాను. జిల్దు పని ఆదివారాలకే. రిష్తేదారుల్లో కొందరు నవ్వారు, నవ్వనీ.

సాలిం అలీ కిహీమ్‌లో గమనించినవాటిలో గిజిగాడు ఒకటి. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి లోపల చూసి, నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే వేలాడుతుంది. పిట్టకు తెలిసిన ఈ మష్వరా మనకెందుకు కష్టం?