బంగారక్కను మరువరాదు

టామ్ అండ్ జెర్రీ కార్టూన్లను ఎరుగని విద్యార్థి మా తరగతిలో లేడు. జుట్టుపోలిగాడు, బంగారక్క ఎవరని అడిగితే మాత్రము జవాబు రాలేదు. ఆ కార్టూన్లు 1940లో పుట్టినవి. మన బొమ్మలాటల ప్రస్తావన పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'లోనే కలదు. రామాయణ, భారత కథల నడుమ తెరపైకి వచ్చి, తెల్లవారువరకు పిల్లలను నవ్వించినవి ఈ పాత్రలే.

అవి హిందువుల కథలు గదా, మనకేల అని కొందరనవచ్చును. ముస్లిములే అధికముగా నున్న జావా ద్వీపములో నేటికిని భారతకథను తోలుబొమ్మలతో ఆడుచున్నారు. ఆ 'వాయాంగ్' కళను 2003లో యునెస్కో గౌరవించినది. వారికి లేని సంకోచము మనకెందుకు?

నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. కాని ఆట ఆడించువారు తగ్గుటచే అక్కడివారు తోలుతో దీపాల తొడుగులు, గోడ అలంకారాలు చేసి జీవించుచున్నారు. మన ప్రశంసలు వారి కడుపు నింపవు.

కావున వచ్చే వార్షికోత్సవమున ఆర్కెస్ట్రాకు వెచ్చించు సొమ్ములో కొంత తీసి, ఒక తోలుబొమ్మలాట బృందమును తగిన పారితోషికముతో పిలిపించవలెనని కళాశాల కమిటీ వారిని కోరుచున్నాము. విద్యార్థులారా! ఆ రాత్రి అమృతలూరు పిల్లలందరినీ వెంటబెట్టుకొని రండి.