పాత కార్ల మరమ్మతులో అసలు భాగాలు, కొత్త భాగాలు: తీర్మానం

గోదావరి జిల్లాల పాత మోటారు వాహనాల యజమానులు, మెకానిక్కులు, టింకరింగ్, లేత్, పెయింటింగ్ పనివారు రాజమహేంద్రవరంలో సమావేశమై, చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం.

విషయం: 50 ఏళ్లు దాటిన, దాటబోతున్న కార్లు, జీపుల మరమ్మతులో ఏ భాగాన్ని అసలుదిగానే నిలుపుకోవాలి, ఎక్కడ కొత్తదానికి చోటివ్వాలి అన్నదానిపై నియమాలు.

సభ పరిగణించిన అంశాలు

1. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు, విల్లీస్ జీపులు ఈ డెల్టాలో పెళ్లిళ్లకూ పురుళ్లకూ ఎన్నికల ప్రచారానికీ తిరిగిన బండ్లు. వంతెనలు లేని చోట పంటు మీద ఏరు దాటిన బండ్లు. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. హెరాల్డ్‌ను మద్రాసులో తయారుచేసిన స్టాండర్డ్ కంపెనీ అంతకు చాలా ముందే మూతపడింది. ఇక వీటికి కంపెనీ నుంచి అసలు భాగాలు వచ్చే దారి లేదు. మిగిలినవి పాత సామాన్ల కొట్లలో దొరికేవి, మన లేత్‌ల మీద తయారయ్యేవి మాత్రమే.

2. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2021 జులైలో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. అందుకు వాహనం అసలు రూపంలో ఉండాలి. షాసీ, బాడీ షెల్, ఇంజన్ మారిపోయి ఉండకూడదు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, పెట్రోలు కోసం తప్ప రోజువారీ ప్రయాణాలకు ఆ బండిని వాడకూడదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కూడా చెబుతోంది. కనుక ఒక్క తొందరపాటు మార్పుతో బండి ఆ గుర్తింపును శాశ్వతంగా పోగొట్టుకోవచ్చు.

3. అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య ఎఫ్ఐవీఏ ట్యూరిన్ ఒడంబడికలో, పాత వాహనాన్ని సాంస్కృతిక వారసత్వంగా చూడాలని చెప్పింది. ఉన్నదాన్ని కాపాడటమే మొదటి పని అని, తప్పనిసరై మార్చితే ఆ మార్పు వెనక్కి తీసుకోదగినదిగా, రాతపూర్వకంగా నమోదై ఉండాలని దాని సారాంశం.

4. చాలా ప్రాంతాల్లో లేని శత్రువులు మన బండ్లకు ఇక్కడ ఉన్నాయి. కోనసీమ, నరసాపురం తీరాన ఉప్పు గాలి ఇనుమును తినేస్తుంది. 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబరు 6 తుపాను వంటి విపత్తుల్లో నీట మునిగిన బండిలో ఒండ్రు పేరుకుంటే, ఎన్నేళ్లయినా లోపలి నుంచి తుప్పు రేగుతూనే ఉంటుంది. అంబాసిడర్ వంటి కార్లలో విడిగా షాసీ ఉండదు. తలుపుల కింది పెట్టె కమ్మీలే బండి బరువు మోస్తాయి. అవి పుచ్చిపోయాక పైన లప్పం పెట్టి పెయింటు కొడితే కారు చూడ్డానికి బాగుంటుంది, ప్రమాదంలో మాత్రం మనిషిని కాపాడదు.

5. కారు మారకపోయినా పెట్రోలు మారింది. 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. పాత ఇంజన్లలో మెత్తటి పోత ఇనుప వాల్వు సీట్లకు ఆ సీసమే రక్షణగా ఉండేది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్‌కు పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం, కార్క్ గాస్కెట్లు తట్టుకోలేవు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, వానాకాలమంతా షెడ్డులో నిలిపిన బండి ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. అచ్చంగా 1960 నాటి రబ్బరే వెతికి వేస్తామంటే పెట్రోలు కారి బండి తగలబడే ప్రమాదం ఉంది.

6. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆధ్వర్యంలో 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట స్థానంలో 1982 నాటికి బ్యారేజీ పూర్తయింది. డెల్టా భద్రత కోసం కట్టడం మారింది. అయినా ఆ పాత పని ఎలా సాగిందో తెలిపే ఆనవాళ్లను అదే ఊళ్లో కాటన్ మ్యూజియంలో పదిలపరిచారు. ప్రాణాలకోసం మార్చవలసినదాన్ని మార్చడం, మార్చిన దాని ఆనవాలు చెరగనివ్వకపోవడం ఈ నేల మనకు నేర్పిన పద్ధతి. ఈ తీర్మానానికి అదే ఆధారం.

తీర్మానాలు

పై అంశాలపై సమగ్రంగా చర్చించిన మీదట ఈ సభ ఈ కింది విధంగా తీర్మానిస్తున్నది:

1. షాసీ, బాడీ షెల్, ఇంజన్ బ్లాకు, గేర్‌బాక్సు పెట్టె, వాటి మీద కొట్టిన నంబర్లు, కంపెనీ రేకు: వీటిని ఎట్టి పరిస్థితిలోనూ పారేయకూడదు. బాగుచేయడానికి వీలున్నంతవరకు బాగుచేయాలి. సిలిండరు అరిగితే రీబోరు చేసి స్లీవు వేయాలి. క్రాంక్ షాఫ్టు అరిగితే గ్రైండింగు చేసి అండర్‌సైజు బేరింగులు వేయాలి. తుప్పు పట్టిన రేకును పుచ్చినంతవరకే కోసి, అదే మందం రేకుతో అతుకు వేయాలి. బరువు మోసే చోట లప్పం వాడకూడదు.

2. ప్రాణరక్షణకు సంబంధించిన భాగాల్లో కొత్తదానికే ప్రాధాన్యం. బ్రేకు లైనింగులు ఆస్బెస్టాస్ లేనివే వాడాలి. ఆస్బెస్టాస్ ధూళి పీల్చితే క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉందని వైద్యశాస్త్రం నిర్ధారించింది. ముందుగా దెబ్బతినేది బండి పక్కన కూర్చుని డ్రమ్ము విప్పే మెకానిక్కే. అసలు భాగం కావాలన్న కోరికతో అతని ఊపిరితిత్తులను పణం పెట్టే హక్కు ఏ యజమానికీ లేదు. పాత డ్రమ్ము విప్పినప్పుడు ధూళిని నోటితోనో గాలి పైపుతోనో ఊదకూడదు. తడి గుడ్డతో తుడవాలి.

3. బ్రేకు సిలిండర్లలో రబ్బరు వాషర్లు, హోస్ పైపులు కాలపరిమితితో మార్చాలి. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకునేది కనుక, మన వాతావరణంలో దాన్ని క్రమం తప్పకుండా మార్చడం తప్పనిసరి. డ్రమ్ము బ్రేకులను డిస్కులుగా మార్చాలనుకుంటే, ఏ ఇనుమూ కోయకుండా, రంధ్రం వేయకుండా, మళ్లీ పాత అమరిక బిగించగలిగేలా మాత్రమే మార్చాలి.

4. టైర్లను బయటి గీతల లోతుతో కాక వయసుతో అంచనా వేయాలి. పక్కగోడ మీది నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. వాడకుండా నిలిపిన బండి టైరు గీతలు నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి పగులుతుంది. పాత రకం క్రాస్ ప్లై టైర్లను, రేడియల్ టైర్లను ఒకే ఇరుసుకు కలిపి వేయకూడదు.

5. పెట్రోలు పైపులు, డయాఫ్రం, గాస్కెట్లు ఇథనాల్‌ను తట్టుకునే రకానివే వాడాలి. ఇంజన్ హెడ్డు విప్పిన సందర్భంలో గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించాలి. ఇందువల్ల అసలు హెడ్డు దక్కుతుంది. నెలల తరబడి నిలిపే బండి ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకూడదు.

6. గుడ్డ చుట్టిన పాత వైరింగు పొడిబారి ఊడిపోతుంటే, అదే రంగుల క్రమంలో కొత్త వైర్లు వేయాలి. బయటికి కనిపించని చోట అదనపు ఫ్యూజులు పెట్టాలి. డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించే ముందు బ్యాటరీ ఏ ధ్రువం బాడీకి ఎర్త్ అయిందో చూడాలి. పాత బ్రిటిష్ వైరింగు చాలావాటిలో ప్లస్ ఎర్త్ ఉంటుంది. అది గమనించకుండా బిగిస్తే ఆల్టర్నేటర్ కాలిపోతుంది. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేస్తే పాత డిస్ట్రిబ్యూటరు, పాయింట్లు, కండెన్సరు బండితో పాటే ఉంచాలి.

7. తీసిన ప్రతి అసలు భాగాన్ని నూనె రాసి, చీటీ కట్టి, యజమానికి అప్పగించడం షెడ్డు బాధ్యత. అరిగిందైనా, విరిగిందైనా అది కొత్త భాగం తయారుచేసే లేత్ పనివాడికి కొలత. పాతదాన్ని తూకానికి అమ్మేస్తే ఆ కొలత మరి దొరకదు.

8. ప్రతి బండికీ ఒక మరమ్మతు పుస్తకం ఉండాలి. ఏ తేదీన, ఏ భాగం, ఎందుకు మార్చారో, కొత్తది కొన్నదో, మరో బండి నుంచి తీసినదో, లేత్ మీద చేసినదో రాసి, విప్పకముందు, బిగించాక తీసిన ఫొటోలు అతికించాలి. అమ్మేటప్పుడు ఆ పుస్తకాన్ని కొనేవారికి ఇవ్వాలి. మార్చిన భాగాన్ని అసలుదని చెప్పి అమ్మడం మోసమని, అలాంటి అమ్మకానికి సభ్యులెవరూ సహకరించరాదని ఈ సభ స్పష్టం చేస్తున్నది.

9. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్ ఎక్కించిన కార్లు, జీపులు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. అవి కుటుంబాలను పోషించిన బండ్లు. వాటి యజమానులను ఎవరూ చిన్నచూపు చూడరాదు. వాటిని వింటేజ్ కోవలో కాక మార్పు చేసిన వాహనాల కోవలో ప్రదర్శించాలి. ఆ మార్పు ఎప్పుడు, ఎవరి షెడ్డులో జరిగిందో నమోదు చేయాలి. అదీ ఈ డెల్టా మోటారు చరిత్రలో భాగమే.

10. సినిమా షూటింగులకు అద్దెకిచ్చే బండ్లకు శాశ్వతంగా వేరే రంగు వేయడం, బాడీకి రంధ్రాలు వేయడం అనుమతించకూడదు. కడిగితే పోయే రంగులు, ఊడదీయగల అమరికలు మాత్రమే వాడాలి.

విజ్ఞప్తులు

రవాణా శాఖకు: వింటేజ్ నమోదు కోసం పరిశీలించే బండ్లలో బ్రేకు లైనింగులు, టైర్లు, పెట్రోలు పైపులు, వైరింగు వంటి భద్రతా భాగాల మార్పును అసలు రూపానికి భంగంగా ఎంచవద్దని కోరుతున్నాం. మరమ్మతు పుస్తకాన్ని పరిశీలనలో సాక్ష్యంగా స్వీకరించాలని కోరుతున్నాం.

చమురు సంస్థలకు: ప్రతి బంకులో పెట్రోలులోని ఇథనాల్ శాతాన్ని స్పష్టంగా కనిపించేలా తెలుగులో రాయించాలని కోరుతున్నాం.

ఐటీఐలకు, కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌తో సహా సాంకేతిక విద్యాసంస్థలకు: కార్బొరేటరు విప్పి బిగించడం, పాయింట్ల సందు సరిచేయడం, చేతితో రేకు సాగదీసి వంపు తేవడం తెలిసిన మేస్త్రీలు వయసు మీదపడి పని మానేస్తున్నారు. వారి చేత విద్యార్థులకు పాఠాలు చెప్పించి, తగిన గౌరవ వేతనం ఇవ్వాలని కోరుతున్నాం. ఈ పనితనం పోతే ఎన్ని అసలు భాగాలు దాచుకున్నా ప్రయోజనం ఉండదు.

అమలు

ఈ నియమాలు నేటి నుంచి సభ్యులందరి షెడ్లలో అమలులోకి వస్తాయి. మరమ్మతు పుస్తకం నమూనాను తెలుగులో ముద్రించి, అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం, నరసాపురం, తణుకు, కొవ్వూరు, కాకినాడ, రాజమహేంద్రవరం షెడ్లకు ఉచితంగా పంచాలని, ఏడాది తరువాత సభ్యులు తమ పుస్తకాలను సభ ముందు ఉంచాలని, ఆ అనుభవాన్ని బట్టి నియమాలను సవరించాలని ఈ సభ తీర్మానిస్తున్నది.

మెకానిక్ సభ్యులు ప్రతిపాదించగా, యజమాని సభ్యులు బలపరచగా, తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందినది. ప్రతులను రవాణా శాఖ జిల్లా అధికారులకు, పై విద్యాసంస్థలకు, చమురు సంస్థలకు పంపవలసిందిగా కార్యదర్శిని ఆదేశించడమైనది.