అంకె చేరితే చాలదు, మనిషి కదలాలి

బీపీ, షుగర్, గుండె జబ్బు ఒక వారం మందులతో పోయేవి కావు. డాక్టరు రెండు నెలలకోసారి ఐదు నిమిషాలు చూస్తారు. మిగతా రోజులన్నీ ఆ జబ్బుతో ఇంట్లో, పనిలో వేగాల్సింది రోగే. అందుకే ఇంటి దగ్గర చూసుకున్న బీపీ, షుగర్ అంకెలు ఫోన్ ద్వారా ఆసుపత్రికి చేరే ఏర్పాటు మంచిదే. కానీ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. అంకె ఎవరినీ బాగుచేయదు. దాన్ని చూసి కదిలే మనిషి, చేతికందే మందు ఉన్నప్పుడే అది వైద్యం అవుతుంది.

అవసరం చిన్నదేమీ కాదు. 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. ఇంతమందిని డాక్టర్లు మాత్రమే చూసుకోలేరు. ఆ లోటును యంత్రాలు పూడుస్తాయని కొందరి వాదన. అది ఎంతవరకు నిజమో రెండు దేశాల అనుభవం చెబుతుంది.

అమెరికాలో గుండె వైఫల్యం ఉన్న 1,653 మందితో జరిగిన పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి. వారిలో సగం మంది రోజూ ఫోన్ చేసి, రికార్డు చేసిన గొంతు అడిగే ప్రశ్నలకు తమ బరువు, ఆయాసం వంటి వివరాలు చెప్పాలి. ఆ వివరాలను వైద్య సిబ్బంది తర్వాత చూసేవారు. అయినా మరణాలు తగ్గలేదు, తిరిగి ఆసుపత్రిలో చేరడమూ తగ్గలేదు. కొందరైతే ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. 2018లో జర్మనీ నుంచి వచ్చిన ఫలితం వేరు. అక్కడ రోగులు బరువు, బీపీ, ఈసీజీ వివరాలు రోజూ ఇంటి నుంచి పంపేవారు. 24 గంటలూ డాక్టర్లు, నర్సులు ఉండే కేంద్రం వాటిని చూసి, అవసరమైతే వెంటనే రోగితో మాట్లాడేది. అలా చూసుకున్నవారిలో మరణాలు తగ్గాయి. రెండు పరిశోధనల మధ్య వేరే తేడాలూ ఉన్నాయి. అయినా ఇటువైపు నుంచి పలికే మనిషి ఎంత ముఖ్యమో వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మనకు దగ్గరలోనే ఇంకో ఉదాహరణ ఉంది. తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ప్రారంభించింది. ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని ఆ పేరుకు అర్థం. తరతరాలుగా తెలుగు మాట్లాడేవారు ఎంతోమంది ఉన్న జిల్లా అది. మహిళా కార్యకర్తలు బీపీ మిషన్, షుగర్ మిషన్ పట్టుకుని ఇంటికే వస్తారు, మాత్రలూ గుమ్మం దగ్గరే ఇస్తారు. మంచం పట్టినవారి కోసం నర్సు, ఫిజియోథెరపిస్టు వస్తారు. 2024లో ఈ పథకానికి ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. మహారాష్ట్ర సహా కొన్ని రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం కొన్నిచోట్ల 'సింపుల్' అనే యాప్‌ను వాడింది. ఎవరు మందులకు రాలేదో అది నర్సుకు జాబితాగా చూపిస్తుంది. నర్సు వారికి ఫోన్ చేస్తుంది. ఈ రెండు చోట్లా ముందు నిలబడింది మనిషే, సాంకేతికత వెనక నుంచి సాయం చేసింది.

చేతికి అతికించుకునే షుగర్ సెన్సర్ ఇన్సులిన్ మీద బతికే పిల్లలకు నిజంగా మేలు చేస్తుంది. కానీ అది రెండు వారాలకే అయిపోతుంది, మళ్లీ వేల రూపాయలు పెట్టాలి. షోలాపూర్‌లో బీడీలు చుట్టే మన తెలుగు అక్కకు అది అందని మాట. ఆమెకు ముందుగా కావాల్సింది నెలనెలా తప్పకుండా దొరికే మాత్రలు, అవి మానేస్తే "ఏమ్మా, ఎందుకు రాలేదు?" అని అడిగే ఒక గొంతు.

ఆ గొంతు ఏ భాషలో అడుగుతుందన్నది మనకు ముఖ్యమైన ప్రశ్న. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్‌లలో మన పెద్దవాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. చాలామందికి తెలుగు చదవడం రాదు, బడిలో చదివింది వేరే భాష. కొందరు బడికే వెళ్లలేదు. అలాంటివారికి ఫోన్‌లో వచ్చే మెసేజ్ ఏ లిపిలో ఉన్నా ఒకటే. వారికి తెలుగులో వినిపించే ఫోన్ కాల్ కావాలి. ఇది దయగా అడిగేది కాదు. మందు ఎలా వేసుకోవాలో తనకు అర్థమయ్యే మాటల్లో వినడం రోగి హక్కు.

సరిహద్దు మరో చిక్కు. యానాం పుదుచ్చేరిలో భాగం, పెద్దాసుపత్రికి కాకినాడ వెళ్తే రాష్ట్రం మారుతుంది. పాత కాగితాలు పోతే పరీక్షలు మళ్లీ మొదటికొస్తాయి. ఇలాంటిచోట 14 అంకెల ఆభా ఆరోగ్య ఖాతా పనికొస్తుంది. అయితే అది ఇష్టమైతేనే తీసుకోవాల్సినది. అది లేదని వైద్యం ఆపకూడదు. మన అనుమతి లేకుండా మన జబ్బు వివరాలు మరొకరికి చేరకూడదు.

యువతకు ఒక మాట. మీ ఊరికి ఏ ఆరోగ్య యాప్ వచ్చినా, ఏ కంపెనీ ఉచిత శిబిరం పెట్టినా మూడు ప్రశ్నలు అడగండి. ఈ అంకెను చూసేది ఎవరు? ప్రమాదకరంగా ఉంటే ఎన్ని గంటల్లో ఫోన్ చేస్తారు? ఏ భాషలో మాట్లాడతారు? జవాబు లేకపోతే అది వివరాల సేకరణే తప్ప వైద్యం కాదు.

మీరూ ఒక పని చేయవచ్చు. భుజం దగ్గర పట్టీ కట్టే బీపీ మిషన్ ఒకటి సంఘం కొనవచ్చు. ఆదివారం ఆరాధన తర్వాత పెద్దలను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, రెండుసార్లు చూసి పుస్తకంలో రాయండి. మాత్రలు మార్చే పని మాత్రం మనది కాదు. అంకె ఎక్కువగా ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తోడుగా తీసుకెళ్లండి. వచ్చే వారం రానివారి ఇంటికి వెళ్లి అడగండి. అక్కడ మందులు లేవంటే, ఆ పుస్తకం పట్టుకుని అధికారులను నిలదీయండి.